కోషిన్ పూచీ

కోషిన్‌కి తుపాకీ పట్టుకోవడం రాదు. ఫొటోలో చూస్తే తెలిసిపోతుంది. అప్పుడే పుట్టిన ఒంటెపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీద అడ్డంగా పట్టుకున్నాడు. వెనక రెండు జెండాలు, పక్కన నవ్వుతున్న మంత్రి. కింద పెద్ద అక్షరాలతో 'హింసామార్గం విడిచి వచ్చిన పెద్దాయన' అని రాసి ఉంది. ఆ కాగితం మా ఊరి కచేరీ గోడ మీద ఇప్పటికీ ఉంది. మూలలు ఊడిపోయాయి. నేను ఆ గోడ పక్కగా నడవను.

డెబ్బై ఏళ్ళ మనిషి. ఒంటెల జబ్బులు తెలిసినవాడు, తగువులు తీర్చేవాడు. జన్మలో తుపాకీ ముట్టలేదు. చేతిలో పెట్టింది వాళ్ళు. పుచ్చుకోమని చెప్పింది నేను.

మా ఊరు ఏల్ గుదూద్. ఎర్రమట్టి బావి, దాని చుట్టూ రెండు వందల ఇళ్ళు. పట్నానికి ఒకటే దారి, నూట నలభై కిలోమీటర్లు. దారికి ఈ చివరా ఆ చివరా ప్రభుత్వానివి, మధ్య భాగం అడవిలోవాళ్ళది. అడవిలోవాళ్ళంటే మతం పేరు చెప్పి తుపాకులు పట్టినవాళ్ళు. వాళ్ళంటే నాకు ప్రేమ లేదు. మత్తిచ్చే ఖాత్ ఆకు నమిలాడని మా బావమరిదిని అందరి ముందూ నలభై దెబ్బలు కొట్టారు. మందలో పదింట ఒకటి తోలుకుపోయి దానికి దానమని పేరు పెడతారు. వాళ్ళ చేతుల్లో చచ్చినవాళ్ళను కడిగి పూడ్చిన చేతులివి.

బయటి దేశాలవాళ్ళను మేం వాళ్ళు పట్టుకున్నదాన్ని బట్టి పిలుస్తాం. పట్నంలో ఆస్పత్రి కట్టినవాళ్ళు ఆస్పత్రివాళ్ళు. రేవు తీసుకుని మా సైనికులకు జీతాలిస్తున్నవాళ్ళు రేవువాళ్ళు. రెండూ ఈ మధ్యనే డబ్బూ బలమూ పెరిగిన దేశాలు. రెంటికీ మా మతమే. ఇద్దరూ మమ్మల్ని తమ్ముడూ అంటారు. వాళ్ళకీ వాళ్ళకీ పడదు. ఎక్కడో వాళ్ళ మహళ్ళలో వాళ్ళు కొట్లాడుకుంటే ఇక్కడ మా దారులు మూతపడతాయి. ఇంకా దూరాన్నించి వచ్చే తెల్లవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళు ప్రశ్నలు అడిగి రాసుకుంటారు, ఆ ఇద్దరి వెనకా నిలబడతారు. వాళ్ళు కాగితాలవాళ్ళు.

నాలుగేళ్ళ కిందట ఎండాకాలంలో, కాన్పు కష్టమై ముగ్గురు ఆడవాళ్ళు ఒకే నెలలో ఊళ్ళోనే పోయారు. దారి మధ్యలో ఎవరు ఎవర్ని కాలుస్తారో తెలియక బండ్లు కదలలేదు. అప్పుడు కోషిన్ లేచి, కర్ర తీసుకుని, ఒంటరిగా అడవిలోకి నడిచి వెళ్ళాడు. ఆ మధ్య భాగానికి నాయకుడు రోబ్లే. కోషిన్ చెల్లెలు ఎబ్లా కొడుకే. మేనమామను కాల్చే మేనల్లుడు మా దేశంలో ఇంకా పుట్టలేదు.

ఒప్పందం కుదిరింది. గురువారం పొద్దుటి నుంచి, పొద్దు వాలాక చేసే అసరు నమాజు దాకా రోగులున్న బండిని రెండు పక్షాలవాళ్ళూ ఆపకూడదు.

మా ఒప్పందాలకు కాగితం ఉండదు, మనిషి ఉంటాడు. అతను పూచీదారు. తనవాళ్ళ కోసం పూచీ ఎవడైనా పడతాడు, దానికి మా దగ్గర విలువ లేదు. పూచీదారు అవతలివాళ్ళ కోసం నిలబడాలి. 'వాళ్ళు తప్పితే నా మెడ పట్టుకోండి' అని శత్రువు తరఫున తన ఊరికి చెప్పగలిగినవాడే పెద్దమనిషి. కోషిన్ అడవిలోవాళ్ళకు పూచీ పడ్డాడు. అడవిలోవాళ్ళ వైపు నుంచి ఒక గుడ్డి ముల్లా మా ఊరికి పూచీ పడ్డాడు. రెండేళ్ళు ఒక్క గురువారం కూడా తప్పలేదు. నూట ఎనిమిది మంది రోగులు వెళ్ళొచ్చారు. నమాజు తర్వాత అందరం కలిసి పేర్లు చెప్పుకునేవాళ్ళం కాబట్టి ఆ లెక్క నాకు తెలుసు.

ఆ తర్వాత రేవువాళ్ళ అధికారి ఒకడు మా ఊరొచ్చాడు. మూడు సాయుధ బండ్లు, ఒక దుబాసీ. దారి సంగతి తెలుసుకోవాలన్నాడు. ఊరి తరఫున మాట్లాడాల్సిన వంతు ఆరోజు నాది. మా ఆవిడ అంబరోకి ముందు రోజు నుంచి రక్తం పోతూ ఉంది. కోషిన్ మా వాకిట్లోకి వచ్చి, "నువ్వు ఆవిడ దగ్గర కూర్చో. ఆ నల్ల కళ్ళద్దాలవాడితో నేను మాట్లాడతాలే. వాడికేమన్నా కొమ్ములున్నాయా?" అన్నాడు.

వెళ్ళాడు. అధికారి అడిగాడట: ఈ ఒప్పందంలో అడవిలోవాళ్ళ తరఫు బాధ్యత ఎవరిది?

కోషిన్ ఛాతీ మీద చెయ్యి వేసుకుని, "నాది. వాళ్ళు నా మెడ మీద ఉన్నారు," అన్నాడు.

అంతకంటే గొప్ప మాట మా భాషలో లేదు. అక్కడున్న మావాళ్ళంతా గర్వంగా తలలూపారు. పక్కన కూర్చుని రాసుకుంటున్న దుబాసీ కాగితం చాచాడు. కోషిన్ వేలిముద్ర వేశాడు. గౌరవం చేస్తున్నారనుకున్నాడు.

తొమ్మిదో రోజున వచ్చి అతన్ని పట్టుకుపోయారు. అడవిలోవాళ్ళ బాధ్యుడినని తనే ఒప్పుకున్నాడన్నారు. వాళ్ళతో మాట్లాడినవాడు వాళ్ళలో ఒకడేనని రేవువాళ్ళ రాజధానిలో కొత్తగా తీర్మానించారట. కాగితాలవాళ్ళు కూడా అవునన్నారట. ఇది వాళ్ళ విదేశాంగ విధానం. గురువారం ఒప్పందం చట్టవిరుద్ధమైపోయింది. మా వైపు చివర ఇసుక బస్తాలు పేర్చి దారి మూసేశారు.

తగ్గినట్టే తగ్గిన రక్తం మళ్ళీ మొదలై అంబరో ఆ బస్తాల దగ్గరే పోయింది. దారి మూశాక మూడో గురువారం. అడవిలోవాళ్ళు బండి ఆపలేదు, మావాళ్ళే ఆపారు. బండి ఆపిన సైనికుడు మా పొరుగూరివాడు, నన్ను బాబాయ్ అనేవాడు. "నా చేతుల్లో లేదు బాబాయ్, పైనుంచి ఆర్డరు," అన్నాడు. అతని బూట్లు కొత్తవి. ఆవిడ తల నా ఒళ్ళో ఉండగా ఆ బూట్లే చూస్తూ కూర్చున్నాను. దీని గురించి ఇంతకంటే రాయను.

ఏడాదీ నాలుగు నెలలు గడిచాక దల్మార్ వచ్చాడు.

దల్మార్ తండ్రి మా తెగవాడే. కొడుకు మాత్రం చలి దేశంలో పుట్టి పెరిగాడు. ఇప్పుడు రేవువాళ్ళ రాయబారికి సలహాదారు. ముప్పై అయిదేళ్ళుంటాయి. చాప మీద కూర్చోబోయి ముందు దాన్ని చేత్తో దులిపాడు. టీ ఇచ్చాను. చక్కెర లేకుండా కావాలన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"షిర్వా బాబాయ్, మీకో శుభవార్త," అన్నాడు. "మావాళ్ళు అడవిలోవాళ్ళతో మాట్లాడాలని నిర్ణయించుకున్నారు."

"ఏమని?"

"దారి తెరవమని. సంధి ఏదన్నా కుదురుతుందేమోనని."

"మాట్లాడటం నేరం కదా."

"అది పాత విధానం బాబాయ్."

"కొత్తది ఎప్పటి నుంచి?"

"మూడు వారాలైంది."

ఎందుకు మారిందో అడిగాను. అటూ ఇటూ చూసి చెప్పాడు. ఆస్పత్రివాళ్ళు అప్పటికే తమ రాజధానిలో అడవిలోవాళ్ళ మనుషులను కూర్చోబెట్టి మాట్లాడుతున్నారట. సంధి వాళ్ళ పేరున కుదిరితే ఈ తీరమంతా వాళ్ళ మాటే చెల్లుతుందట. అందుకని రేవువాళ్ళకీ ఒక సంధి కావాలి. వాళ్ళకంటే ముందు కావాలి.

"అంటే మా ఆడవాళ్ళు చచ్చిపోతున్నారని కాదు."

"అది కూడా ఉంది బాబాయ్."

"కూడా," అన్నాను.

టీ గ్లాసు పక్కన పెట్టి, రోబ్లేతో మాట్లాడగల మనిషి ఎవరని అడిగాడు. నాకు నవ్వొచ్చింది. నవ్వి చాలా రోజులైనట్టుంది, గొంతులో నొప్పి పుట్టింది.

"ఆ మనిషి మీ జైల్లో ఉన్నాడు నాయనా. వెళ్ళి తాళం తీసుకో."

తాళం అంత సులువుగా రాదని అతని హెలికాప్టరులో పట్నానికి వెళ్ళాక తెలిసింది.

రాయబారి హోటల్లో ఉంటాడు. మూడు గోడలు దాటాలి. ప్రతి గోడ దగ్గరా నా కర్రను తీసుకుని, కుక్కకు వాసన చూపించి, తిరిగి ఇచ్చారు. లోపల చలి. పన్నీరు వాసన, దాని కింద మురుగు వాసన. బల్ల మీద మేకమాంసం, అన్నం, అరటిపళ్ళు యాభైమందికి సరిపడా ఉన్నాయి, మేం ముగ్గురమే. రాయబారి లేచి రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుని గుండెకు తాకించుకున్నాడు. తర్వాత జేబులోంచి చిన్న సీసా తీసి చేతులు రుద్దుకున్నాడు. నా ఎదురుగానే.

అతను చెప్పేది దల్మార్ మా భాషలోకి మారుస్తున్నాడు.

"కోషిన్‌గారి మీద మాకు చాలా గౌరవం ఉంది అంటున్నారు."

"వదిలెయ్యమను."

"వదలాలనే ఉందట. కానీ ఆయన ఏ తప్పూ చెయ్యలేదని వదిలితే పదహారు నెలలు ఎందుకు ఉంచారని అడుగుతారు. కాగితాలవాళ్ళు అడుగుతారు, పార్లమెంటులో అడుగుతారు."

"అడగనీ. జవాబు చెప్పుకోనీ."

దల్మార్ ఆ మాటను మార్చి చెప్పలేదు. నేను అతని పెదవుల వైపే చూస్తున్నాను. ఇంకేదో మెత్తగా చెప్పాడు. రాయబారి తల ఊపాడు.

"ఒక దారి ఉంది బాబాయ్. లొంగిపోయినవాళ్ళ పథకం అని ఒకటుంది. అడవిలోంచి బయటికొచ్చి, తప్పు ఒప్పుకుని, ఆయుధం అప్పగించినవాళ్ళను క్షమించి వదిలేస్తారు. ఆయన్ని ఆ పథకం కింద వదలొచ్చు. ఆ రోజే."

"అతను అడవిలో లేడు కదా."

"తెలుసు."

"ఆయుధం లేదు."

"ఒకటి ఏర్పాటు చేస్తారు."

నేను రాయబారి ముఖంలోకి చూశాను. అరటిపండు ఒలుస్తున్నాడు. నార పోగులు ఒక్కొక్కటే తీసి పళ్ళెం అంచున వరసగా పెడుతున్నాడు. దుర్మార్గపు ముఖం కాదు. ఈ సాయంత్రంలోగా తెమలాల్సిన పని చూసుకుంటున్న ముఖం. బల్ల మీది మాంసం ఒక్క ముక్క కూడా ముట్టలేదని ఆరోజు గొప్పగా అనుకున్నాను. అదేం గొప్ప.

"నువ్వు మా తెగవాడివి," అన్నాను దల్మార్‌తో. "బహిరంగంగా అబద్ధం చెప్పినవాడిని మనవాళ్ళు ఏం చేస్తారో మీ నాన్న చెప్పలేదా?"

"పరిస్థితులు అందరికీ తెలుసు కదా బాబాయ్. బలవంతంగా చెప్పించారని అనుకుంటారు."

"అనుకుంటారు. అనుకుని?"

"ఆయన కాలు బాగాలేదు," అన్నాడు నెమ్మదిగా. "వెళ్ళి చూడండి. తర్వాత మాట్లాడదాం."

కోషిన్‌కు చక్కెర జబ్బు. జైల్లో చెప్పులు లాక్కున్నారు. పాదానికి మేకు గుచ్చుకుంది. పదహారు నెలల్లో డాక్టరు రెండుసార్లు వచ్చాడట. జైలు గదిలో నా ముందుకు తీసుకొచ్చినప్పుడు మనిషి కంటే ముందు వాసన వచ్చింది. పాదానికి గోనెగుడ్డ కట్టుకున్నాడు. దాని మీద ఈగలు కదలకుండా కూర్చున్నాయి, తోలితే కూడా లేవడం లేదు.

నన్ను చూసి నవ్వాడు. రెండు పళ్ళు లేవు.

"ఏరా షిర్వా, ఇంకా బతికే ఉన్నావా? నీ ముఖం చూస్తే నువ్వే జైల్లో ఉన్నట్టున్నావు."

"నీకు తిండి పెడుతున్నారా?"

"పెడుతున్నారు. అన్నంలో రాళ్ళేరుకోవడంతోనే పొద్దుపోతుంది. ఒంటెపాలు తాగి ఎన్నాళ్ళయిందో. ఎబ్లా ఎలా ఉంది?"

"పాలమ్ముకుంటూ ఉంది. అటూ ఇటూ తిరుగుతూనే ఉంది."

"అంబరో సంగతి విన్నాను," అన్నాడు. ఇద్దరం చేతులు చాచి ఆవిడ కోసం దువా చదువుకున్నాం. అతను ఇంకేమీ అనలేదు. మంచిపని చేశాడు.

అప్పుడు పథకం గురించి చెప్పాను. తుపాకీ గురించి కూడా. అతను పాదానికి కట్టిన గోనెగుడ్డ ముడి సర్దుకున్నాడు.

"నేను వాళ్ళలో ఒకడినని చెప్పాలా?"

"అవును."

"మైకులో?"

"అవును."

"నలభై ఏళ్ళు తగువులు తీర్చాను రా. తండ్రీకొడుకులు నా మాట మీద విడిపోయారు, నా మాట మీద కలిశారు. దేని బలంతో? నా దగ్గర డబ్బుందా, తుపాకీ ఉందా? లేని మాట ఎప్పుడూ అనలేదని. అంతే."

"కాలు కుళ్ళిపోతోంది కోషిన్."

"కనబడుతోంది."

"ఇంకో నెల ఉంటే చస్తావు."

"అందరూ చస్తారు."

నాకు కోపం వచ్చింది. ఆరోజు నా వంతుకు అతను వెళ్ళాడు. ఆ వేలిముద్ర నాది కావాల్సింది. అతను ఇక్కడ చస్తే ఆ చావు నేను మొయ్యాలి. అంబరోది మోస్తూనే ఉన్నాను. రెండోది నా వల్ల కాదు. అతని కోసమే వచ్చానని అనుకున్నాను కానీ, ఆ గదిలో మాట్లాడింది నా బరువు దించుకోవాలన్న ఆత్రం.

"ఒక్క మాటే కదా. అనెయ్. అది అబద్ధమని ఊరందరికీ తెలుసు," అన్నాను.

అతను తల ఎత్తాడు. "అబద్ధమని తెలియడమే కదా రా గొడవ."

"బతికొస్తే తర్వాత చూసుకుందాం."

"రేపు బావి దగ్గర తగువు వస్తే, సాక్షి కావాల్సొస్తే, నన్ను పిలుస్తావా? నువ్వు? ఎవరో కాదు, నువ్వు పిలుస్తావా?"

"పిలుస్తాను."

"ఒట్టు వెయ్యక్కర్లేదు. నీ మాట చాలు," అన్నాడు.

నాలుగో రోజున వేడుక చేశారు. స్టేడియంలో గుడారం వేసి, రెండు జెండాలు కట్టారు. ఒకటి మాది, ఒకటి రేవువాళ్ళది. లొంగిపోయినవాళ్ళని చెప్పి పదకొండు మందిని వరసగా నిలబెట్టారు. అందులో ఇద్దరిని నేను పట్నం చేపల బజారులో చూశాను. చేపలు మోసేవాళ్ళు. వాళ్ళు తుపాకులు బాగానే పట్టుకున్నారు. కోషిన్‌ను ఇద్దరు మోసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. వాసన రాకుండా పాదాన్ని తెల్లగుడ్డతో చుట్టి పన్నీరు చల్లారు. చేతుల్లో తుప్పు పట్టిన తుపాకీ పెట్టారు. దాన్ని ఎటువైపు తిప్పాలో తెలియక అడ్డంగా పట్టుకున్నాడు.

మైకు నోటి దగ్గర పెట్టారు. మా పద్ధతిలో ముందు వంశం చెప్పాలి. తండ్రి, తాత, ముత్తాత, అలా ఇరవై రెండు పేర్లు. కోషిన్ ఒక్క పేరూ చెప్పలేదు. ఆ పేర్లను ఆ మాట దగ్గరికి రానివ్వలేదు. కాగితం మీద ఉన్నది చదివాడు. నేను అడవిలోవాళ్ళ మనిషిని. తప్పు తెలుసుకున్నాను. క్షమించండి. మూడు వాక్యాలు. చప్పట్లు కొట్టారు. మంత్రి అతని భుజం మీద చెయ్యి వేశాడు. కాగితాలవాళ్ళ ఆడమనిషి ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. తర్వాత భోజనాలు.

కాలు ఆస్పత్రివాళ్ళే తీశారు, మోకాలి కింది నుంచి. మంచి డాక్టర్లు. అక్కడి మేనేజరు రేవువాళ్ళ పథకం మనిషిని చేర్చుకోవడానికి మొదట ఒప్పుకోలేదు. తర్వాత అతని మంచం పక్కన తమ జెండాతో కూడా ఒక ఫొటో తీసుకోనిస్తామంటే ఒప్పుకున్నాడు. ఆ ఫొటో కూడా ఎక్కడో ఒక గోడ మీద ఉండే ఉంటుంది.

రెండు నెలలకు అదే హెలికాప్టరులో ఊరు చేరాడు. దల్మార్ అతని వెనకాలే వచ్చాడు. రోబ్లేకి కబురు పంపాలన్నాడు: గురువారం దారి మళ్ళీ తెరుద్దాం, తర్వాత పెద్ద మాటలు మాట్లాడుకుందాం, మధ్యన కోషిన్ పూచీగా ఉంటాడు.

"వద్దు," అన్నాడు కోషిన్. "వేరేవాళ్ళను చూసుకో."

"మీకోసమే కదా మామా ఇంత చేసింది."

"నా కోసం చెయ్యలేదు. నా పూచీ కోసం చేశారు. అది స్టేడియంలో పోయింది. వెతుక్కోండి."

దల్మార్ నా వైపు చూశాడు. చెప్పమని. నేనే చెప్పాను, సిగ్గు లేకుండా. ఒకసారి పంపి చూద్దాం, ఆడవాళ్ళ కోసం, అన్నాను. కోషిన్ నన్ను చూసి, సరే నీ ఇష్టం అన్నట్టు చెయ్యి తిప్పాడు.

పాలమ్మే ఆడవాళ్ళను రెండు పక్షాలవాళ్ళూ ఆపరు. ఎబ్లా గాడిద మీద పాలకుండలు వేసుకుని కబురు తీసుకుని వెళ్ళింది. మూడో రోజు మధ్యాహ్నం తిరిగొచ్చింది. కోషిన్ వాకిట్లో మేం ముగ్గురం కూర్చుని ఉన్నాం. ఆవిడ గాడిదను కట్టేసి, నీళ్ళు తాగి, నిలబడే చెప్పింది.

"వాడన్నది వాడన్నట్టే చెప్తాను. నన్నేమీ అనకండి. 'మామయ్య మాట పట్టుకుని రెండేళ్ళు నా మనుషుల చేతులు కట్టేశాను. ఇద్దరు ఎదురు తిరిగితే వాళ్ళను నేనే శిక్షించాను. మామయ్య లేని మాట అనడు అని చెప్పేవాడిని. ఇప్పుడు నా మనుషులందరూ ఫోన్లలో ఆ ఫొటో చూశారు. ఆయన మాలో ఒకడినన్నాడు. మాలో ఎప్పుడూ లేడు. ఆ మాట అన్నవాడి పూచీ మీద నేనెవర్ని ఆపగలను?' అన్నాడు."

కోషిన్ చంక కర్రను ఒళ్ళోకి లాక్కున్నాడు.

"ఇంకోటి కూడా అన్నాడు," అంది ఎబ్లా. "'మాలోంచి వెళ్ళిపోయానని చెప్పినవాడికి మా దగ్గర ఒకటే శిక్ష. మామయ్య కాబట్టి ఊళ్ళోకి వచ్చి చెయ్యను. దారి మీద కనబడితే మాత్రం నా చేతుల్లో ఉండదు. ఊరు దాటవద్దని చెప్పు' అన్నాడు."

"నా చేతుల్లో లేదు అన్నాడా?" అని అడిగాను.

"అదే అన్నాడు."

ఇసుక బస్తాల దగ్గర విన్న మాట. రెండు వైపులా అదే మాట.

దల్మార్ తల పట్టుకుని కూర్చున్నాడు. రాయబారికి ఫోన్ చేస్తానని బయటికి వెళ్ళాడు. చాలాసేపటికి వచ్చాడు. వాళ్ళ రాజధానిలో ఆ వారమే మళ్ళీ ఏదో మారిందట. ఆస్పత్రివాళ్ళతో రాజీ పడ్డారట, రెండు రాజకుటుంబాలవాళ్ళూ కౌగిలించుకున్నారట. ఇక పోటీగా సంధి చేసుకోవాల్సిన అవసరం లేదట. అడవిలోవాళ్ళ మీద ఇద్దరూ కలిసి డ్రోన్లు పంపుతారట.

"అయితే దారి?" అన్నాను.

"ప్రస్తుతానికి మూసే ఉంటుంది బాబాయ్."

"నువ్వు?"

"నన్ను వేరే దేశం పంపిస్తున్నారు." లేచి, "నన్ను క్షమించండి," అన్నాడు. కోషిన్‌తో కాదు, నాతో అన్నాడు. కోషిన్ ముఖం చూడలేకపోయాడు.

"నీ టీ చల్లారిపోయింది, తాగి వెళ్ళు," అన్నాడు కోషిన్.

క్షమించలేదు. ఈ జన్మలో క్షమించను. అతన్ని, రాయబారిని, అరటినార పోగుల్ని, వేడుకలో కళ్ళు తుడుచుకున్న ఆవిడను, రోబ్లేను, అతని మతాన్ని. ఆ జాబితా ఇక్కడితో అయిపోతే బాగుండేది.

వానలకు ముందు బావి దగ్గర తగువొచ్చింది. వర్ఫా అనేవాడికీ సమతర్ అనేవాడికీ ఒక ఆడ ఒంటె గురించి. దాని తొడ మీద తెగ గుర్తు పాతది, మీద ఇంకో వాత పెట్టి చెరిపేశారు. వర్ఫా తనదంటాడు, సమతర్ తనదంటాడు. అది ఎవరి మందలో పుట్టిందో చూసినవాడు ఒక్కడే ఉన్నాడు. పన్నెండేళ్ళ కిందట దాని తల్లికి అడ్డం తిరిగితే చెయ్యి పెట్టి పిల్లను లాగింది కోషిన్. ఊరందరికీ తెలుసు. సమతర్‌కీ తెలుసు.

తీర్పు చెప్పే వంతు నాది. పాతికమంది గుండ్రంగా కూర్చున్నారు. కోషిన్ చంక కర్ర పక్కన పెట్టుకుని ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చున్నాడు. మిగతావాళ్ళు కొంచెం ఎడంగా కూర్చున్నారు. ఎవరూ కావాలని చెయ్యలేదు. అలా జరిగిపోయింది.

"సాక్షి ఉన్నాడా?" అని అడిగాను.

వర్ఫా నోరు తెరిచి, కోషిన్ వైపు చూసి, నా వైపు చూశాడు. "ఉన్నాడు మామా. కానీ..." అన్నాడు.

సమతర్ మర్యాదగానే మాట్లాడాడు. "పెద్దాయన అంటే మాకు గౌరవమే. కాలు పోగొట్టుకుని వచ్చాడు. కానీ ఆయన సాక్ష్యం మీద తీర్పు చెప్తే నేను ఒప్పుకోను. రేపు ఇంకో ఊరివాళ్ళు కూడా ఒప్పుకోరు. అబద్ధమాడినవాడి సాక్ష్యం చెల్లదని ఇదే చోట కూర్చుని మాకు నేర్పింది ఆయనే."

నిజమే. నాకూ నేర్పాడు.

అందరూ నా నోటి వైపు చూస్తున్నారు. జైల్లో ఇచ్చిన మాట ఒకటుంది. దాన్ని నిలబెట్టుకుంటే ఈ తీర్పు నిలవదు. ఈ తీర్పు నిలవకపోతే రేపటి తగువుకు ఎవరూ ఇక్కడికి రారు, తుపాకులు తీస్తారు. ఇదంతా ఆ కాసేపట్లో ఆలోచించానని చెప్పుకోవచ్చు. ఆలోచించలేదు. వాళ్ళ ముఖాలు చూసి భయపడ్డాను.

"ఇంకెవరన్నా చూశారా?" అని అడిగాను.

ఎవరూ చూడలేదు. సాక్షి లేడు కాబట్టి ఒంటె ప్రస్తుతం ఎవరి దగ్గరుందో వాళ్ళదే అని చెప్పాను. సమతర్ తాడు పట్టుకుని లేచాడు. వర్ఫా కళ్ళు ఎర్రబడ్డాయి. అందరూ ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు.

కోషిన్ లేవడానికి రెండుసార్లు ప్రయత్నించాడు. నేను వెళ్ళి చెయ్యి అందించాను. పట్టుకున్నాడు. లేచి నిలబడి చంకలో కర్ర సర్దుకున్నాడు.

"ఆ ఒంటె వర్ఫాదే," అన్నాడు.

"తెలుసు."

"నీకు తెలుసని నాకు తెలుసు," అని, బావి గట్టు వైపు కుంటుకుంటూ నడిచాడు.